అక్క కొలతకు రెండు వేళ్ళు తక్కువ

పోయిన వారం మా అక్క మనవరాలిని ఆర్మూరులో విలువిద్య నేర్పే చోటుకు తీసుకుపోయాను. దాని తల్లికి డ్యూటీ, తండ్రికి పసుపు కొనుగోళ్ళ హడావిడి. ఖాళీగా కూర్చున్నది నేనొక్కదాన్నే కనక ఆ పని నా మీద పడింది. మైదానం పక్కన చిన్న గది. అక్కడ నేర్పే అమ్మాయికి పాతికేళ్ళు ఉంటాయేమో. పిల్లను గోడకు వీపు ఆనించి నిలబెట్టి, రెండు చేతులూ పక్కలకు చాపమంది. ఒక చేతి మధ్యవేలి కొస దగ్గర సుద్దముక్కతో ఒక గీత, రెండో చేతి కొస దగ్గర ఇంకో గీత పెట్టింది. మా పిల్ల ఊరుకుంటుందా? వేళ్ళు సాగదీస్తోంది.

"సాగదియ్యకు బిడ్డ, మామూలుగ పెట్టు. దొంగ కొలత ఇస్తే రేపు విల్లు నిన్నే తిప్పలు పెడ్తది," అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

టేపు పెట్టి చూసింది. యాభై రెండు అంగుళాలు. ఫోనులో రెండున్నరతో భాగించింది. "ఇరవయ్యొకటి అనుకుందాం. గిది నీ డ్రా లెంగ్త్. అంటే విల్లు తాడు నువ్వు ఎంతదాంక గుంజాల్నో గంత. ఎవరిది వాల్లకే. నీ విల్లు నీ దోస్తుకు ఇయ్యొద్దు, దోస్తుది నువ్వు తీసుకోవద్దు," అని చెప్పి పుస్తకంలో పిల్ల పేరు ఎదురుగా ఆ అంకె రాసుకుంది.

నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. నాకు అరవై దాటింది. మోకాళ్ళకు రెండు రకాల తైలాలు రాసుకుంటే తప్ప లేచి నడవలేను. అట్లాంటిదాన్ని, తొమ్మిదేళ్ళ పిల్లను చూసి కుళ్ళుకున్నాను. అనకూడని మాటే, కానీ ఇది నిజం. ఇంకొకరు శ్రద్ధగా వంగి, కళ్ళు చిట్లించి, దాని చేతుల పొడుగు ఎంతో కనుక్కుని, దాని పేరు మీద రాసి పెడుతుంటే నాకు కడుపులో మండింది. అట్లా కొలిపించుకోవడానికి నేను చిన్నప్పుడు ఏం చేశానో ఆ పిల్లకేం తెలుసు?

అప్పట్లో మా ఇల్లు ఆర్మూరు గుట్ట కింది వాడలో. పొలం ముప్కాల్ వైపు పోయే దారిలో. ఇంటి నిండా ఎప్పుడూ పసుపు వాసన. కొమ్ములు ఉడికేటప్పుడు వచ్చేది ఒక వాసన, ఎండినవి గోనె సంచుల్లో కుక్కేటప్పుడు గొంతులోకి దిగే ఘాటు ఇంకొకటి, వానాకాలంలో పచ్చి ఆకు నలిపితే చేతికి అంటుకునేది మరొకటి. మా వాడలో అందరి బట్టలకూ ఈ వాసనలే ఉండేవి. నా బట్టలకు మాత్రం వీటన్నిటికంటే ముందు అక్క వాసన ఉండేది. అక్క నాకంటే ఏడాదిన్నర పెద్దది. అది విడిచిన ప్రతి బట్టా నాకు వచ్చేది. చంక దగ్గర దాని చెమట, మెడ దగ్గర దాని కొబ్బరినూనె ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేవి కావు.

ఏడాదికి ఒక్కసారి, దసరాకు, నాకు కూడా కొత్త బట్టలు కుట్టించేవారు. ఒకే తాను నుంచి ఇద్దరికీ లంగా జాకెట్లు. బజారులో దర్జీ అక్కను ముందు నిలబెట్టి భుజాలు, చేతులు, నడుము, పొడవు అన్నీ టేపుతో కొలిచి చీటీ మీద రాసుకునేవాడు. దాని వెనక నేను చేతులు చాపుకుని నా వంతు కోసం సిద్ధంగా నిలబడేదాన్ని.

"మరి చిన్నదానికి?" అని అమ్మను అడిగేవాడు.

"గండ్లకెల్లి రెండు వేల్లు తగ్గియ్యి," అనేది అమ్మ.

అంతే. చీటీ మడిచి జేబులో పెట్టుకునేవాడు. నేను చాపిన చేతులు దించుకునేదాన్ని. అక్కలోంచి రెండు వేళ్ళు తీసేస్తే నేను. ఆ లెక్క నాకు ఊహ తెలియకముందు ఎప్పుడో మొదలైంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ సరిచూడలేదు. నాకు పదకొండో ఏడు వచ్చేసరికి నేను ఎత్తులో అక్కను అందుకున్నాను. చేతులైతే దాన్ని దాటిపోయాయి. జాకెట్టు చేతులు మోచేతికి చాలా పైనే బిగుసుకుపోయి ఎర్రటి వాత పడేది. కిందికి లాక్కుంటుంటే అమ్మ తిట్టేది, "గుంజి గుంజి చింపకే, బారెడు చేతులదానా!" అని. బారెడు చేతులని తిట్టడానికి గుర్తుండేది గానీ కుట్టించడానికి గుర్తుండేది కాదు.

అక్క మంచిది. నాకు అదే పెద్ద బాధ. అది చెడ్డదైతే నేను సగం సుఖపడేదాన్ని. మక్కజొన్న కంకి విరిస్తే పెద్ద ముక్క నాకే ఇచ్చేది. నేను ఆ పెద్ద ముక్క తింటూ, దాని చిన్న ముక్కకు గింజలు ఎక్కువ నిండుగా ఉన్నాయేమోనని చూసేదాన్ని. దాని జడకు ఒక్క మూర పూలు ఎక్కువ పెట్టినా రాత్రి దాకా మాట్లాడేదాన్ని కాదు. ఒకసారి దాని రొట్టె మీది వెన్న వేలితో నాకేసి, పిల్లి వచ్చిందని చెప్పాను. మా మేనత్త నన్ను చూసి, "దీని కండ్లల్ల అక్క మీద ఎప్పుడు నిప్పులే," అనేది. నిజమే చెప్పేది.

ఆ ఏడు దసరా సెలవులకు మేం పొలం దగ్గరే ఉన్నాం. మా దగ్గర పసుపులోనే మక్కలు కూడా వేస్తారు. కింద పసుపు ఆకు దట్టంగా పరుచుకుని ఉంటే పైన మక్క కంకులు పాలు పోసుకునే రోజులవి. పగలు చిలుకలు, రాత్రి పందులు. కావలికి ధర్పల్లి అవతల అడవి పక్క ఊరినుంచి ఒక తాత వచ్చేవాడు. ప్రతి ఏడూ పంట అయ్యేదాకా మంచె మీదే ఉండేవాడు. ఆయన దగ్గర వెదురు విల్లు, మొద్దు కొసల బాణాలు ఉండేవి. పందికి తగిలితే ప్రాణం పోదు గానీ మళ్ళీ ఆ చేను వైపు రాదు. పొద్దున పూట ఆయన మాకు మక్కగుడాలు ఉడికించి ఉప్పు, పచ్చిమిరపకాయ కలిపి పసుపు ఆకుల్లో పెట్టేవాడు. ఆ వేడికి ఆకు వాసన గుడాలకు పట్టేది. అట్లాంటి తిండి మళ్ళీ నేను తినలేదు.

ఒకరోజు అక్క ఊరికే అంది, "తాతా, నాక్కూడ ఒక విల్లు చెయ్యవా?" అని. అక్క ఊరికే అన్నవి కూడా జరిగిపోయేవి. పక్కనే ఉన్న మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, వెంటనే అందుకున్నాడు.

"చెయ్యి తాతా, పెద్దదానికి ఒకటి చెయ్యి. ఇది రెండేండ్లు ఆడినంక చిన్నదానికి వస్తది. జర పెద్దగనే చెయ్యి, పెరిగే పిల్ల."

తాత చుట్ట పక్కన పెట్టి తల అడ్డంగా ఊపాడు. "విల్లు అంగి కాదు పటేలా. పెద్దగ చేస్తె ఇప్పుడు గుంజలేదు. దీని కొలతకు చేసిందాన్ని ఇంకొకరు ఎక్కువ గుంజితె ఇరుగుతది. ఎవరి చెయ్యి వాల్లదే."

"అయితే ఏడాదికొకటి చేసిస్తవా?" అని బాపు నవ్వాడు.

తాత కొలిచిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ముందు అక్కతో బావి నుంచి రెండు బిందెల నీళ్ళు మోయించాడు. "కొలుస్తున్నరంటె ఎవలైన జర సాగుతరు. అలిసిపోయి ఆ మతి లేనప్పుడే కొలువాలె," అన్నాడు. తర్వాత దాన్ని పక్కకు తిప్పి నిలబెట్టి, ఎడమ చెయ్యి పిడికిలి బిగించి ముందుకు చాపమన్నాడు. సుతిలి తాడు ఒక కొస ఆ పిడికిలి దగ్గర పట్టుకుని, కుడి దవడ మూల దాకా లాగి, అక్కడ ముడి వేశాడు. సాయంత్రం మళ్ళీ కొలిచాడు. ఒక వేలు తగ్గింది. "గిదే అసలైంది," అని పొద్దున వేసిన ముడి విప్పేశాడు. ఒక మనిషి కోసం ఇంకొక మనిషి అంత ఓపిక పట్టడం నేను అంతకుముందు చూడలేదు.

నేనూ అక్క వెనక నిలబడి ఎడమ చెయ్యి చాపాను. తాత తలెత్తి చూశాడు.

"నువ్వు జర అవుతలికి జరుగు బిడ్డ, నీడ పడ్తున్నది."

నేను జరిగాను. జరిగి, పసుపు మొక్కల్లో కూర్చుని ఒక ఆకును పేలికలు పేలికలుగా చింపాను.

విల్లు చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. ఎండిన వెదురు బద్దను కత్తితో చెక్కి, పొయ్యి సెగ చూపించి, మంచె గుంజకు కట్టి, తాడును రోజుకింత కిందికి లాగేవాడు. లాగి వదిలి, మళ్ళీ లాగి, రెండు కొసలూ ఒక్క తీరుగా వంగుతున్నాయా అని చూసి, వంగని చోట మళ్ళీ చెక్కేవాడు. చివరికి సుతిలి ముడి దాకా వచ్చింది. అక్కడ ఆపేశాడు. "దీనికి గింతదాంకనే నేర్పిన," అన్నాడు. బాణాల మీద కూడా అంతవరకే గుంజాలని పసుపుతో గీత పెట్టాడు.

అక్క ఆ విల్లుతో పాత నూనె డబ్బాను కొట్టేది. నా పని పోయి బాణాలు ఏరుకురావడం. పసుపు ఆకుల్లో మోకాళ్ళ మీద పాకుతూ, ఆకు అంచులు మొహానికి గీరుకుంటూ, వెతికి తెచ్చి ఇస్తే అది మళ్ళీ వేసేది. "ఒక్కసారి ఇయ్యవే," అని అడిగితే పాపం ఇయ్యబోయేది. "వద్దు బిడ్డ, అది నీ కొలతది కాదు," అని మంచె మీది నుంచి తాత అరిచేవాడు. మూడో రోజుకే అక్కకు మోజు తీరింది. విల్లును మంచె కింద పడేసి, బొమ్మరిల్లు కట్టుకోవడానికి పోయింది. అది దాన్ని అట్లా పడేయడం నాకు భరించరానిదైంది. మక్కువతో ఆడుకుంటూ ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్నేమో. దానికి అక్కర్లేని వస్తువు కూడా దానిదే కావడం ఏమిటి?

బతుకమ్మకు గాజులు కొనడానికి అమ్మ అక్కను తీసుకుని ఆర్మూరు బజారుకు పోయిన మధ్యాహ్నం, తాత నీళ్ళకు పోయిన వేళ చూసి నేను విల్లు తీశాను. బాణం పెట్టి గుంజాను. పసుపు గీత దాకా వచ్చింది. అక్కడికి నా మోచెయ్యి ఇంకా వంగే ఉంది. భుజం ముడుచుకునే ఉంది. నా జాకెట్టు లాగే ఉంది అది కూడా. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. గీత దాటించి లాగాను. చెయ్యి పూర్తిగా చాపుకునేదాకా, తాడు నా దవడను తాకేదాకా లాగాను. ఒక్క క్షణం, ఒళ్ళంతా సరిగ్గా కుదిరినట్టు అనిపించింది. ఆ హాయి ఇప్పటికీ చెప్పలేను. అంతలోనే విల్లు పై సగం ఫెళ్ళున విరిగింది.

రెండు ముక్కలూ కలిపి మంచె కింద యథాప్రకారం పెట్టేశాను. సాయంత్రం బాపు చూశాడు. "ఎవలే ఇది?" అన్నాడు. అక్క చేతి నిండా కొత్త గాజులు. కొన్ని నాకూ తెచ్చారు గానీ అవి అక్క చేతికి చూసి, రెండు సైజులు చిన్నవి కొన్నారు. నా చేతికి ఎక్కలేదు. ఆ మంట మీద ఉన్నాను.

"అక్కనే. పొద్దుగాల గీత దాటి గుంజింది. నేను చూసిన," అన్నాను.

అక్క నోరు తెరిచి నావైపు చూసింది. "నేనెప్పుడు గుంజిన్నే?" అని ఏడవడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు ముసలాయన కష్టపడి చేసిందాన్ని విరగ్గొట్టి, పైగా లేదంటున్నదని బాపుకు కోపం వచ్చింది. అక్క మీదికి చెయ్యి లేపాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క మీద బాపు చెయ్యి లేవడం అదే మొదలు. నేను సంతోషపడ్డాను. మొహం మీద కనిపించకుండా తల వంచుకున్నాను గానీ, లోపల సంబురం.

"ఆగు పటేలా," అన్నాడు తాత.

ఆయన విరిగిన ముక్కలు చూశాడు. ఒక పుల్ల అక్క చేతికి ఇచ్చి, సుతిలి తాడు పట్టించి గుంజమన్నాడు. అక్క ఏడుస్తూనే గుంజింది. చెయ్యి పూర్తిగా చాపినా తాడు ముడి దగ్గరే ఆగింది. "సూడు. గీ పిల్ల గుంజుదమన్నా దీనికి అవుతలికి చెయ్యి రాదు. ఇది పొడుగు చెయ్యి చేసిన పని," అన్నాడు. ఆ తర్వాత నావైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. "రా బిడ్డ. చెయ్యి చాపు."

నాకు అర్థమైంది. చాపితే దొరికిపోతాను. మోచెయ్యి కొంచెం వంచితే చాలు, భుజం కొంచెం వెనక్కి లాక్కుంటే చాలు, నేను బతికిపోతాను. అంత తెలివి నాకు ఉంది. కానీ తాత నా ముందు వంగాడు. సుతిలి కొస నా పిడికిలికి ఆనించాడు. ఒక మనిషి నన్ను కొలుస్తున్నాడు. నన్నే, అక్క వెనక నిలబడ్డ నన్ను కాదు. చెయ్యి వంచడం నా వల్ల కాలేదు. భుజం నుంచి పిడికిలి దాకా ఎంత ఉందో అంతా చాపాను.

తాత దవడ దగ్గర ముడి వేసి, పాత ముడి పక్కన వేళ్ళు పెట్టి చూశాడు.

"పెద్దదాని కన్న నాలుగు వేల్లు ఎక్కువ," అన్నాడు.

నేను నవ్వాను. ఆపుకోలేకపోయాను. అక్క మీదికి లేచి ఆగిన బాపు చెయ్యి వచ్చి నా చెంప మీద పడింది. అప్పుడు కూడా నా మొహంలో నవ్వు పూర్తిగా పోలేదని అమ్మ తర్వాత అందరికీ చెప్పేది. ఆ సాయంత్రం మాత్రం అమ్మ నా దగ్గరికి వచ్చి, జాకెట్టు చెయ్యి పట్టుకుని కిందికి లాగి చూసింది. అది రాలేదు. వాత మీద వేలితో రాసి, "నాలుగు వేల్లా?" అంది తనలో తనే.

తాత ఆ సుతిలి తాడు పారెయ్యలేదు. చుట్టి రుమాలు కొసకు ముడి వేసుకున్నాడు. "వచ్చే ఏడు నీకు ఒకటి చేస్త. వెదురు ఇప్పుడే కొట్టి ఎండబెడ్త," అన్నాడు. నేను ఏడాదంతా ఎదురుచూశాను. అక్కకు చెప్పుకుని మురిసేదాన్ని, దానికి కుళ్ళు పుట్టాలని. దానికి పుట్టలేదు. మరుసటి ఏడు మక్కలు పాలు పోసుకునే వేళకు కావలికి వేరే మనిషి వచ్చాడు. తాతకు చూపు తగ్గిందని, బిడ్డ దగ్గర ఉంటున్నాడని చెప్పాడు. నా కొలత ఆయన రుమాలు కొసనే పోయింది. దర్జీ మాత్రం ఆ దసరా నుంచి నన్నూ టేపు పెట్టి కొలిచాడు. ఆ బట్టలు సరిగ్గా కుదిరాయి. అయినా నా కడుపుమంట పోలేదు. అక్క పెళ్ళిలో దాని చీర అంచుకు, అక్క పిల్లల చదువులకు, దానికి మోకాళ్ళ నొప్పులు లేనందుకు, ఇట్లా ఏదో ఒకదానికి అది కాలుతూనే వచ్చింది.

మొన్న అక్క నవీపేట్ నుంచి మనవరాలి విల్లు చూడటానికి వచ్చింది. సాయంత్రం చాయ్ తాగుతూ ఇద్దరమే కూర్చున్నాం. ఇన్నేళ్ళూ చెప్పని మాట ఆరోజు చెప్పాలనిపించింది.

"అక్కా, నీ విల్లు నేనే ఇరగ్గొట్టి నీ మీద చెప్పిన. నువ్వు గప్పుడు మస్తు ఏడ్సినవు. తప్పు చేసిన్నే."

"ఏం విల్లు?" అంది అక్క.

నేను తాత గురించి చెప్పాను. సుతిలి ముడి, నూనె డబ్బా, బాపు లేపిన చెయ్యి, అన్నీ చెప్పాను. అది శ్రద్ధగానే వింది.

"బాపు నన్ను కొట్టవోయిండా? ఏమోనే, నాకేం యాదికి లేదు."

నాకు ఒళ్ళు మండింది. నేను ఇంత కాలం మోసినదాన్ని ఇది పసుపు సంచి దులుపుకున్నట్టు దులిపేసింది. దానికి విల్లు దక్కింది, దాన్ని మరిచిపోయే భాగ్యం కూడా దక్కింది. కప్పు తీసి పక్కన పెట్టాను.

అక్క మెల్లగా అంది.

"నాకు యాదికున్నదల్లా గా కనకాంబరం రంగు గౌనే. మెడకాడ తెల్ల పూలుండె. నేను రెండే సార్లు తొడుక్కున్న. మూడోసారి తీసేటాలకు, నాకు పట్టదని అమ్మ గుంజుకొని నీకు తొడిగింది. నువ్వు దాన్ని ఏసుకొని వాకిట్ల తిరుగుతుంటె నేను దర్వాజ ఎనుక నిలవడి ఏడ్సిన. ఏదన్న నాకు మంచిగ అనిపించే యాల్లకు అది నీదయితుండె. ఒక్కటి నా దగ్గర ఉండకపోయేది. నీ మీద ఎంత కుల్లుకున్ననో నీకేం తెల్సు." అది నా చెయ్యి పట్టుకుంది. "గా గౌను నీకు యాదికున్నది కదనే?"

ఆ రోజుల్లో నేను తొడుక్కున్న ప్రతి గుడ్డా నాకు గుర్తుంది. ఏది చంకలో బిగిసేదో, ఏది ఎక్కడ చిరిగితే అమ్మ ఏ రంగు దారంతో కుట్టిందో ఇప్పటికీ చెప్పగలను. కనకాంబరం రంగు కోసం, తెల్ల పూల కోసం లోపలంతా వెతికాను. దొరకలేదు. అక్క నా మొహంలోకే చూస్తోంది, ఔనంటానేమోనని. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.